మామ ఇచ్చిన పడవ, పోర్టికోలో తడి గోనెసంచులు

తిరుపతి ఎమ్మార్‌పల్లి నుంచి ఒకాయన రాశారు. పేరు వద్దన్నారు. చేత్తో రాసిన తొమ్మిది పేజీల ఉత్తరం, మొత్తం వేయడం కుదరదు, ముఖ్యమైనది చెప్తాను.

ఆయనకి 44 ఏళ్లు. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తారు. మేనమామ నేవీలో చేసి, రిటైరయ్యాక విశాఖలోనే ఉండిపోయారు. ఆయన దగ్గర ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. ఎంటర్‌ప్రైజ్ రకం, ప్లైవుడ్‌తో చేసింది, 13 అడుగుల చిల్లర పొడవు, నీలం తెరచాపలు. వేసవి సెలవులకి వెళ్లినప్పుడల్లా మామ ఈయన్ని ముందు కూర్చోబెట్టుకుని సముద్రం మీద తిప్పేవారట. నిరుడు మామ పోయారు. పోయే ముందు ఆస్పత్రిలో చెయ్యి పట్టుకుని "పడవని ఎండబెట్టొద్దురా" అన్నారు, ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. మామ కొడుకు అమెరికాలో ఉంటాడు. "కావాలంటే తీసుకెళ్లు బావా, లేకపోతే షెడ్డుతో పాటు దాన్నీ తీయించేస్తా" అన్నాడు. ఈయన మినీ లారీ మాట్లాడుకుని తిరుపతికి తెచ్చేశారు. పద్నాలుగు నెలలుగా పడవ పోర్టికోలోనే ఉంది.

మామ మాట ప్రకారం పడవ ఎండిపోకూడదని రోజూ పొద్దున్నే కాలేజీకి బయల్దేరే ముందు లోపల గోనెసంచులు పరిచి నాలుగు బకెట్ల నీళ్లు పోస్తున్నారు. బయటి పక్కలకి గరుకు కాగితం పట్టి రెండుసార్లు పెయింట్ వేశారు. అడుగున కారుతుందేమోనని బాత్రూం తలుపులు చేసే ఒక ఫైబర్ షాపు వాళ్లని పిలిపించి అడుగంతా ఫైబర్ వేయించారు, మూడు నెలలకే అది అట్టలు అట్టలుగా లేచిపోయింది. ఒక వడ్రంగి ఆరు రోజులు వచ్చి, ఏడో రోజు "సార్, ఇది మంచం కాదు, బీరువా కాదు, నా వల్ల కాదు" అని సామాను సర్దుకున్నాడు. ఇంకెవరో చుక్కానికి ఎర్రచందనం చెక్క "చూసిపెడతా" అన్నారట. ఇప్పటికి ఖర్చు 86 వేలు. అందులో 30 వేలు చీటీ పాడి తెచ్చారు, ఆ సంగతి ఇంట్లో తెలియదు.

ఇంటావిడ స్కూటర్ ఎండలో నిలబడుతోంది. దోమలు పెరిగాయని ఆవిడ గొడవ. మొన్నొక రోజు కోపంలో "ఇంటి ముందు పాడె పెట్టుకున్నట్టుంది" అనేసింది. ఆ మాట పట్టుకుని మూడు వారాలుగా ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. తొమ్మిదో తరగతి చదివే కూతురు మాత్రం ప్రతి ఆదివారం తండ్రితో కూర్చుని పాత పెయింట్ గీకుతోంది. పక్కింటాయన రోజూ "ఏం సార్, మళ్లీ వరదొస్తే మేమూ ఎక్కొచ్చా" అంటాడు. మామ సంవత్సరీకం నాటికి నీళ్లలో దించాలనుకున్నారు, ఆ తేదీ దాటిపోయింది.

"సముద్రం లేని ఊళ్లో పడవ బాగుచేయడం పిచ్చేనా? ఆపేయాలా, కొనసాగించాలా? మీరు ఏది చెబితే అదే చేస్తాను" అని ముగించారు.

మాస్టారూ, ఒక్క పని చేయండి. ఇది చదవడం ఆపి, పోర్టికోలోకి వెళ్లి, ఆ గోనెసంచులు తీసి బయట పడేయండి. పడవలో నీళ్లుంటే మగ్గుతో తోడి, పాత లుంగీతో తుడిచేయండి. తర్వాత వచ్చి మిగతాది చదువుకోవచ్చు, నేనెక్కడికీ పోను.

నేను పుట్టింది చిత్తూరులో, కట్టెల అడితి ఉన్న ఇంట్లో. ఆ తర్వాత చెన్నైలో ఓ పడవల షెడ్డులో ఆరేళ్లు పనిచేశాను. అందుకే మీ ఉత్తరంలో నన్ను అందరికన్నా ఎక్కువ భయపెట్టింది చీటీ కాదు, మీ ఇంటావిడ కోపమూ కాదు, రోజూ నాలుగు బకెట్ల నీళ్లు.

"ఎండబెట్టొద్దు" అన్న మాట పడవలవాళ్లలో ఉన్నదే, తప్పేం కాదు. కాకపోతే అది పలకల పడవల సంగతి. పలక పక్కన పలక పేర్చి చేసిన పడవ ఎండకి ఆరితే ప్రతి పలకా కాస్త కుంచించుకుని సందులు నోళ్లు తెరుస్తాయి. అలాంటిదాన్ని నీళ్లలో దించే ముందు తడిపి ఉబ్బనిస్తారు. మన ఊళ్లలో ఎద్దులబండి చక్రం ఎండాకాలం ఆకులు వదులై కటకటలాడుతుంటే చెరువులో నానబెట్టేవాళ్లే, అదే లెక్క. మీ మామ నేవీలో కుర్రాడిగా చేరిన రోజుల్లో వేలర్లనే చెక్క పలకల తెడ్ల పడవల మీద తెడ్డు వేసి ఉంటారు, ఆ మాట అక్కడ నోటికి అలవాటై ఉంటుందని నా ఊహ. మీ పడవ ప్లైవుడ్. పలచని పొరల్ని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి జిగురుతో అంటించి నొక్కింది. అది పెద్దగా కుంచించుకోదు, ఉబ్బి సందులు పూడ్చుకునే పని దానికి లేదు. నీళ్లు పోస్తే జరిగేదల్లా అంచుల్లోంచి తడి లోపలి పొరల్లోకి పాకడం, బూజు పట్టడం, కుళ్లడం. అందులోనూ మంచినీళ్లు. ఉప్పునీళ్లలో కుళ్లబెట్టే బూజు అంత సుఖంగా పెరగదు, మంచినీళ్లయితే దానికి పండగే. విశాఖలో సముద్రప్పక్కన ఇన్నేళ్లు తట్టుకున్న చెక్కకి మన ఇంటి బోరు నీళ్లు ఎక్కువ హాని చేసి ఉండొచ్చు.

మీరు మామ మాట అక్షరాలా పాటించారు, దానివల్లే పడవ పాడవుతోంది. ఇది చదివి మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పకపోతే రేపు పొద్దున మళ్లీ నాలుగు బకెట్లు పోస్తారు. నేనూ ఒకసారి తడి ఆరని చెక్క మీద మూడు పూతల వార్నిష్ వేసి, మేస్త్రీ చూసేలోపు గీకేయాలని రాత్రంతా కూర్చున్నవాణ్ణే. పట్టుబడ్డాను కూడా.

ఇక దోమలు. ఈ విషయంలో మీ ఇంటావిడది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. డెంగీ దోమ మురుక్కాలవల కన్నా ఇలాంటి నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పద్నాలుగు నెలల పాటు మీరు పోర్టికోలో 13 అడుగుల దోమల తొట్టి నడిపారు. ఆవిడ అన్న మాట కటువుగానే ఉంది, కాదనను. తండ్రిలాంటి మనిషిని పోగొట్టుకున్నవాడి దగ్గర అనాల్సిన మాట కాదు. కానీ ఆవిడ మీ మామని అనలేదు. పద్నాలుగు నెలలుగా ఇంటి ముందు ఒక వస్తువు, అడుగుతుంటే జవాబు లేదు, ఎప్పటికవుతుందో తెలియదు, పిల్ల ఆ తడిలోనే కూర్చుంటోంది. నాకైతే ఆ మాటలో పడవ మీద కోపం కన్నా, దాని గురించి మీరు ఆవిడతో ఒక్క లెక్కా చెప్పలేదన్న కోపమే వినిపించింది. ఎకనామిక్స్ మాస్టారు ఇంట్లో లెక్క చెప్పకపోతే ఎలా సార్.

లెక్క అంటే చీటీ కూడా. దీంట్లో మీకు రెండు దారులున్నాయి. ఇప్పుడే చెప్పేస్తే ఒక వారం ఇంట్లో నరకం, పడవ మీద ఇంకో నాలుగు మాటలు, బహుశా మీ అత్తగారి దాకా వెళ్తుంది. చెప్పకుండా నెలనెలా కట్టుకుంటూ పోతే ఇప్పటికి ప్రశాంతంగా ఉంటుంది, కానీ చీటీ సంగతి దాగదు, ఎవరో ఒకరు పెళ్లిలో కలిసి "మీ ఆయన చీటీ బాగానే పాడాడే" అంటారు. అప్పుడు గొడవ 30 వేల గురించి ఉండదు. ఎలా చేస్తారో మీ ఇష్టం. నేనైతే పడవ గురించి కొత్తగా ఏ సంగతీ ఎత్తకముందు ఇది చెప్తాను, ఎందుకంటే ముందు పడవ ప్లాన్ చెప్పి ఒప్పించుకుని తర్వాత చీటీ సంగతి బయటపడితే ఆ ఒప్పుకోలు కూడా పోతుంది.

స్కూటర్ సంగతి చాలా తేలిక, ఇన్నాళ్లు ఎవరికీ తోచలేదంటే ఆశ్చర్యం. పడవని చదునుగా ఎందుకు పెట్టారు? పక్కకి తిప్పి, అంచు మీద నిలబెట్టి, ప్రహరీ గోడకి ఆనించండి. ఐదడుగుల వెడల్పు కాస్తా రెండు రెండున్నర అడుగులకి వస్తుంది. కింద రెండు పాత టైర్లు, గోడకి రెండు కొక్కేలు, సైకిల్ ట్యూబుతో కట్టు. పడవ బరువు తొంభై కిలోల పైనే, కాబట్టి నలుగురు మనుషులు కావాలి, పక్కింటాయన్ని కూడా పిలవండి, జోకులేసినందుకు ఆ మాత్రం పని చేయాలి. ఇలా నిలబెడితే లోపల నీళ్లు నిలవవు, రెండు వైపులా గాలి ఆడుతుంది. నేరుగా మధ్యాహ్నం ఎండ పడకూడదు, టార్పాలిన్ ఒంటికి చుట్టకూడదు. చుడితే లోపల ఆవిరి పట్టి మళ్లీ మొదటికొస్తుంది. పైన పందిరిలా కట్టండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తొమ్మిది పేజీల్లో మీరు పెయింట్ రంగు గురించి ఒక పేజీన్నర రాశారు. పడవ ఎంత కుళ్లిందో ఒక్క లైను కూడా లేదు. మీకు తెలియదు కాబట్టి రాయలేదనుకుంటాను, చూడాలంటే భయం కాబట్టి తెలియలేదనుకుంటాను. బయటి పక్కలు నున్నగా, తెల్లగా మెరుస్తున్నాయి, అడుగు మాత్రం ఎవరూ తడిమి చూడలేదు. అది తేలకుండా ఆపేయాలా కొనసాగించాలా అని నన్నడిగితే నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

దానికి కావాల్సింది డబ్బనం. గోనెసంచులు కుట్టేదే, ఇంట్లో ఉండే ఉంటుంది. ఇంకొక స్క్రూడ్రైవర్. స్క్రూడ్రైవర్ పిడితో చెక్క మీద అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోండి, గట్టి చెక్క టక్ టక్ మంటుంది, కుళ్లిన చోట చప్పుడు మొద్దుగా పడుతుంది. అక్కడ డబ్బనం గుచ్చండి. మంచి చెక్కలో మొనే దిగదు, కుళ్లిన చెక్కలో మాగిన సపోటాలో దిగినట్టు దిగుతుంది. ఎక్కువగా చూడాల్సింది నడుమ సెంటర్‌బోర్డు (పడవ పక్కకి జారకుండా నీళ్లలోకి దించే పలక) పెట్టె అడుగుకి అతికే చోట, ఇలాంటి పడవల్లో కారడం నూటికి తొంభై అక్కడే మొదలవుతుందని మా మేస్త్రీ అనేవాడు. తర్వాత వెనక పలక కింది మూలలు, తెరచాప కొయ్య నిలబడే దిమ్మ, ముందు డెక్కు కింద గాలి ఆడని మూల, అడుగూ పక్కలూ కలిసే అంచులు. దొరికిన ప్రతి మెత్తటి చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. మీ అమ్మాయిని పిలిచి ఆ గీతల మ్యాప్ నోటుబుక్కులో వేయించండి. ఇంటావిడ్ని కూడా పిలవండి, చూడమనండి. రమ్మని బలవంతం మాత్రం వద్దు.

దీనికి ముందు ఆ ఫైబర్ ఊడదీయాలి. షాపు వాళ్లు మోసం చేశారని రాశారు, అలా అనుకోను, వాళ్లకి తెలిసిందే చేశారు. తలుపులకి వాడే పాలిస్టర్ రెజిన్ చెక్కని గట్టిగా పట్టదు, తడి చెక్కనైతే అసలు పట్టదు. చెక్కకి ఎపాక్సీ కావాలి, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు అది. ఇప్పటికే లేచింది కాబట్టి పుట్టీ బ్లేడుతో చాలావరకు వచ్చేస్తుంది, మొండికేసిన చోట హీట్ గన్ పెట్టండి. దాని మీదే ఇంకో పొర వేయిద్దామని రాశారు చూడండి, ఆ పని చేస్తే మాత్రం పడవ కథ ముగిసినట్టే. తడి లోపల బందీ అయిపోయి, పైకి బాగా కనిపిస్తూ లోపల పేడలా అవుతుంది.

ఊడదీశాక ఆరనివ్వాలి. ఒకటి రెండు వారాలు కాదు, రెండు మూడు నెలలు. ఆరిందో లేదో తెలియడానికి జానెడు పాలిథిన్ ముక్క చెక్క మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున పాలిథిన్ లోపలి వైపు చెమట పట్టి ఉంటే ఇంకా తడే. మాయిశ్చర్ మీటర్లు కూడా దొరుకుతున్నాయి, 12 నుంచి 15 శాతం లోపు చూపిస్తే జిగురు పనికి సరిపోతుంది. అంటే ఈ రెండు మూడు నెలలు మీరు పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. ఇంట్లో ఈ మాట ముందు చెప్పండి, అందరికీ ఊపిరి ఆడుతుంది.

ఆ సుద్దగీతల మ్యాప్ మీ చేతికొచ్చాక ఏమేం చేయొచ్చో చెప్తాను, మీకు నప్పేది ఎంచుకోవచ్చు.

మెత్తటి చోట్లు అరచేయంత మచ్చలు ఐదారు ఉన్నాయనుకోండి, ఇది చేయదగ్గ పని. ఈ పడవని 1956లో జాక్ హోల్ట్ అనే ఇంగ్లీషాయన గీసిందే మామూలు మనుషులు తమ ఇంటి షెడ్డులో ప్లైవుడ్‌తో చేసుకోవడానికి. 1978, 1982 ఆసియా క్రీడల్లో ఈ రకం పడవల మీద పోటీలు కూడా జరిగాయి, అంటే మీ మామ వేళాకోళపు బొమ్మేం ఇచ్చిపోలేదు. కుళ్లిన ముక్క కోసేసి, మిగిలిన అంచుని చిత్రిక పట్టి ఏటవాలుగా చేయాలి, మందానికి కనీసం ఎనిమిది రెట్ల వాలు, 6 ఎం.ఎం. ప్లై అయితే అర చెయ్యి వెడల్పు, దాదాపు 48 ఎం.ఎం. కొత్త ముక్కకీ అదే వాలు. రెండూ ఎపాక్సీతో అతికితే ఒకే పలకలా ఉంటుంది. ప్లైవుడ్ షాపులో "వాటర్‌ప్రూఫే సార్" అంటే నమ్మకండి, పలక మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందా చూడండి, అది మెరైన్ ప్లై. ఐఎస్ 303 అని ఉంటే అల్మరాలకి పనికొస్తుంది. ఇనుప మేకు ఒక్కటి కూడా కొట్టొద్దు, తుప్పుకి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు అడగండి. ఎం-సీల్ వంటింటి కుళాయికే ఉంచండి.

ఈ పనికి టైమెంత అంటే, అలవాటు లేని చెయ్యి కాబట్టి 150 గంటలనుకుందాం. మీరు శని, ఆదివారాలు రెండేసి గంటలు కూర్చుంటే వారానికి నాలుగు, మొత్తం దాదాపు తొమ్మిది నెలలు. రోజూ రాత్రి కూర్చుంటే తొందరగా అవుతుంది కానీ ఇంట్లో మళ్లీ పాత కథే. జిగురు పనికి మన ఊళ్లో జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం, అదీ పొద్దున పూట. మే నెల మధ్యాహ్నం ఎపాక్సీ కలిపితే బ్రష్ ముంచేలోపు డబ్బాలోనే గట్టిపడుతుంది, ఎక్కువ కలిపి డబ్బాలో వదిలేస్తే పొగ కూడా వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గాల్లో తేమకి పైన జిడ్డు పొర కడుతుంది, దాని మీద వేసిన పెయింట్ ఊడిపోతుంది. 2021 నవంబరులో ఊరెలా మునిగిందో మీకు నేను చెప్పాలా, ఆ నెలల్లో పడవ జోలికే వెళ్లకండి. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన పెయింటో, ఎండ తట్టుకునే వార్నిషో తప్పనిసరి.

వడ్రంగి వెళ్లిపోయినందుకు కోపం పెట్టుకోకండి. ఇప్పుడు తిరుపతిలో వడ్రంగం అంటే ముప్పాతిక మూడొంతులు మాడ్యులర్ కిచెన్లు, సన్‌మైకా అంటించడం. వంపు తిరిగిన చెక్క చూసి అతను భయపడ్డాడు, కనీసం ఆరు రోజుల తర్వాతైనా నిజం చెప్పాడు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో తరతరాలుగా దేవుడి బొమ్మలు చెక్కేవాళ్లున్నారు. వాళ్లకి పడవ తెలియదు, కానీ ఉలి తెలుసు, వంపు తెలుసు. ఆ ఏటవాలు అతుకుల వరకు ఒకరిని రెండు మూడు రోజులు మాట్లాడుకుని, మిగతాది మీరు చేసుకోవచ్చు. ఎర్రచందనం "చూసిపెడతా" అన్నవాడి నంబరు మాత్రం ఫోన్‌లోంచి తీసేయండి. కేసు సంగతి పక్కన పెట్టినా, అది నీళ్లలో వేస్తే మునిగే కట్టె, దాన్ని పడవకి వాడాలన్న ఐడియా ఎవడికొచ్చిందో కానీ.

మచ్చలు కాకుండా సెంటర్‌బోర్డు పెట్టె మొదలు మొత్తం, వెనక పలక, అడుగు దూలం అన్నీ మెత్తబడ్డాయనుకోండి. అప్పుడు బాగుచేయడం అంటే దాదాపు కొత్త పడవ కట్టడమే. కట్టొచ్చు, రెండేళ్లు పడుతుంది, ఇప్పటిదాకా పెట్టినదానికి రెండింతలు ఖర్చవుతుంది, చివరికి మామ ముట్టుకున్న చెక్క అందులో పావు వంతే మిగులుతుంది. అయినా అది మామ పడవేనా అన్నది మీరు తేల్చుకోవాలి. కొందరికి అవును. నాకైతే కాదు.

నీళ్లలో దించే ఆలోచన మానుకుని, ఆరబెట్టి, గట్టిగా ఉన్నంత వరకు శుభ్రం చేసి గోడకి జ్ఞాపకంగా ఉంచుకోవడం ఇంకోటి. ఖర్చు తక్కువ, టెన్షన్ లేదు. ఇబ్బందల్లా రోజూ కళ్లముందుండి అడుగుతూనే ఉంటుంది, అది మీ మనసు మీద ఎలా పనిచేస్తుందో మీకే తెలియాలి. చెదలు కూడా చూసుకోవాలి.

ఎవరికైనా ఇచ్చేయొచ్చు కూడా. చెన్నైలో 1911 నుంచి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ క్లబ్బులున్నాయి, ఎన్‌సీసీ నేవల్ పిల్లలు ఈ ఎంటర్‌ప్రైజ్ పడవల మీద కూడా పోటీలు చేస్తారు. కాకపోతే ఇప్పుడందరివీ ఫైబర్ పడవలు, పాత చెక్క పడవని చూసి "భలే ఉంది సార్" అంటారు గానీ తీసుకెళ్లేవాళ్లు తక్కువ. ముందు ఫోటోలు పంపి, ఒప్పుకున్నాకే లారీ మాట్లాడండి. ఎవరికిచ్చినా మీ బావమరిది దగ్గర్నుంచి "పడవ నీకే ఇచ్చాను" అని ఒక మెసేజ్ తీసుకుని ఉంచుకోండి.

చివరిది, విప్పేయడం. చుక్కాని, దాన్ని తిప్పే పిడి (టిల్లర్), ఆ నీలం తెరచాపలు ఉంచుకుని మిగతాది వదిలేయడం. ఇది పాపం కాదు మాస్టారూ. చెన్నైలో మా షెడ్డులో పాత పడవ విప్పేటప్పుడు ముసలి మేస్త్రీ కొబ్బరికాయ కొట్టి రంపం పట్టేవాడు. అక్కడున్నవాళ్లెవరూ దాన్ని తప్పనలేదు.

ఏ దారైనా సరే, మీ అమ్మాయి విషయంలో మాత్రం నేను సలహా ఇవ్వట్లేదు, చెప్తున్నాను. పాత పెయింట్ పొడిగా గీకడం ఈ రోజుతో ఆపించండి. మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూలు అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. మీ పడవ మీద పొరలు అంతకు చాలా ముందువి. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతే మంచిది కాదు. తడిపి గీకాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి, గీకిన ముద్ద పాత పేపర్ మీద పట్టి మూటకట్టాలి, చేతులు కడుక్కోకుండా చపాతీ ముట్టకూడదు. సందేహంగా ఉంటే ఆ పని మీరొక్కరే చేయండి, తనకి మ్యాప్ వేయడం, తెరచాప కుట్లు చూడడం ఇవ్వండి. తెరచాప గుడ్డ బాగానే ఉన్నా ఎండకి దారం ముందు పోతుంది, గోటితో లాగితే తెగిపోయే కుట్లన్నీ గుర్తులు పెట్టమనండి. ఎపాక్సీ ముట్టేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, ఒకసారి ఒంటికి పడకపోతే జీవితాంతం పడదు, మా షెడ్డులో ఒకతను అలాగే ఈ పని మానేశాడు.

ఇంక సముద్రం లేని ఊరు అన్నారు. ఉంది కదా సార్, 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోకే వచ్చాయి, పులికాట్ సరస్సు చాలావరకు మనదే. కానీ అక్కడ దించుదామనుకుంటే రెండు చిక్కులు. అది పక్షుల అభయారణ్యం, అనుమతి లేకుండా పడవ వేసుకుని పోకూడదు. పైగా చాలా చోట్ల నడుంలోతు కూడా ఉండదు, మీ సెంటర్‌బోర్డు దించితే మూడడుగుల దాకా కావాలి, బురదలో నాగలిలా దిగబడుతుంది. కళ్యాణి డ్యామ్ ఆలోచన అసలు పెట్టుకోకండి, అది కొండకీ ఊరికీ తాగునీళ్లు. నిజంగా నీళ్ల మీద పెట్టాలంటే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో క్లబ్బు వాళ్ల దగ్గర, రెస్క్యూ పడవ పక్కన ఉండగా పెట్టండి. ముప్పై ఏళ్ల కింద మామ ముందు కూర్చున్నంత మాత్రాన పడవ నడపడం వచ్చినట్టు కాదు, మీరూ అమ్మాయీ ముందు ఈత, తర్వాత వాళ్ల ఫైబర్ పడవల మీద నేర్చుకోవడం. దించే ముందు గాలి అరలు గాలి పట్టి ఉంచుతున్నాయో లేదో, బోల్తా పడితే తేలుతుందో లేదో లోతు తక్కువ నీళ్లలో కావాలని బోల్తా కొట్టించి చూడాలి.

మామ మాట నిలబెట్టడానికి మీ పడవే నీళ్లెక్కాలా, మీరు ఎక్కితే చాలదా అని నాకొక అనుమానం. ఆయన ఆ మాట ఏ అర్థంలో అన్నారో నాకు తెలియదు, మీకూ తెలియదు. మీ అత్త ఉన్నారని ఉత్తరంలో ఒక చోట రాశారు, విశాఖలో. ఆవిడని అడిగారా? నలభై ఏళ్లు ఆయన ఆ పడవ గురించి మాట్లాడింది విన్న మనిషి ఆవిడే కదా.

డబ్బనం పని అయ్యాక ఫోటోలు పంపండి. పెయింట్ వేసిన పక్కలవి వద్దు, సెంటర్‌బోర్డు పెట్టె మొదలు, లోపలి వైపు నుంచి, టార్చి వేసి తీసినవి. పక్కన స్కేలు పెట్టి తీస్తే ఎంత కోయాలో నేను చెప్పగలను. ఇంటావిడకి చూపించాకే పంపండి.